గంప చుట్టూ ముగ్గుపిండి

జనవరి 19, 1998. సోమవారం

అమ్ముకునేవాణ్ణయితే తల మాయం చేసి ఒళ్ళు వదిలేస్తానా? కోడిని కోడిలాగే పట్టుకుపోతాను కదా. నిన్న నాయిన అరుస్తుంటే ఈ మాట నోటికి రాలేదు. ఇవాళ సైట్‌లో కాంక్రీట్ మిక్సర్‌లో ఇసుక పోస్తుంటే వచ్చింది. ఎవరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నిన్న పొద్దున అమ్మ నీళ్ళ ట్యాంకర్ దగ్గరి నుంచి వచ్చి కోళ్ళను కమ్మిన గంప లేపితే రెండు పెట్టలు చచ్చి ఉన్నాయి. తలలు లేవు. మెడ దాకా కొరికేసి, ఒంటి మీద ఈక కూడా కదపలేదు. గోడవార తట్టలో పొదుగుతున్న నల్ల పెట్ట అసలే లేదు, గుడ్లు కూడా లేవు. నాయిన నన్ను లేపి, నల్లదాన్ని ఏ దుకాణంల ఇచ్చినవురా, దసరాకు పుంజును అమ్ముకున్నోనివి నువ్వే గదా, ఇప్పుడు తలకాయలు గూడ తెంపుతున్నవా అన్నాడు.

దసరా పుంజు సంగతి నిజమే. ఇది నిజం కాదు. ఒకసారి చేసినవాడు ప్రతిసారీ చేసినట్టే, మా ఇంట్లో.

దొంగను పట్టుకుంటాను. అది రెండు కాళ్ళదైనా నాలుగు కాళ్ళదైనా.

జనవరి 20

మల్లయ్య పెద్దనాయన కుక్క మీద అనుమానం. రాయదుర్గంలో దానంత బలిసిన కుక్క లేదు. పెద్దనాయన ప్లాట్లు అమ్మించడం మొదలుపెట్టాక కుక్కకు కూడా రోజూ మాంసమే.

సాయంత్రం మా కిరాయిదారు యజ్ఞనారాయణ గారిని అడిగాను. ఈ డైరీ ఇచ్చింది ఆయనే, సిమెంట్ కంపెనీది. వాళ్ళది తణుకు వైపు, చిన్నప్పుడు ఇంట్లో వంద కోళ్ళుండేవట. కుక్కయితే పీకి పందిరేస్తుందండి, వాకిలంతా ఈకలే ఉంటాయి అన్నారు. పిల్లి అయితే ఒకదాన్నే పట్టుకుని గోడ దూకుతుందట. తల, మెడ తిని వదిలేసిందంటే చిన్న నోరున్నదండి, సందులోంచి దూరేది, కడుపు నిండినా చంపుతూనే ఉంటుంది అన్నారు. దాని పేరు మాత్రం చెప్పలేదు. చూడకుండా చెప్తే అబద్ధమవుతుందండి, ముందు కాళ్ళ గుర్తులు పట్టండి అన్నారు.

నా కంటే ముప్పై ఏళ్ళు పెద్ద, నన్ను అండి అంటారు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నన్ను అలా పిలిచింది ఆయనొక్కరే.

జనవరి 22

ఇంకొకటి. తల లేదు.

నేల గట్టి మొరం. కాలి గుర్తు పడదు. గంప అంచు ఒకచోట విరిగి ఉంది, నా పిడికిలి దూరింది. నిన్న రాయి అడ్డం పెట్టాను. రాయి అలాగే ఉంది, దాని పక్కన మొరం తవ్వి ఉంది.

అమ్మ మాత్రం గంప వైపు చూడటం మానేసింది. ట్యాంకర్ దగ్గర ఆడవాళ్ళు ఏమన్నారో చెప్పింది. అమావాస్య ముంగట తలలు లేని కోళ్ళు వాకిట్ల పడితే గది జంతువు పని గాదట, చేతబడి అట. మల్లయ్య పెద్దనాయన కూడా అక్కడే ఉండి, మన గల్లీల ఆకులు, వేర్లు ఎర్కున్నది ఎవరో మీరే ఆలోచన చేయుండ్రి అన్నాడట. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. మా గల్లీలో పసిరికలకు, అంటే కామెర్లకు, మందిచ్చేది ఈశ్వరమ్మ ఒక్కతే.

పోయిన వారం ఆమె మందులోకి నల్ల పెట్ట గుడ్డు అడిగింది. అమ్మ లేదని చెప్పి పంపింది. ఇప్పుడు అమ్మకు అదే గుర్తొస్తోంది. అడిగినప్పుడు ఇయ్యకపోతినే అంటోంది.

జనవరి 23, శుక్రవారం

ఉపాయం దొరికింది. భ్రమరాంబ గారు, అంటే యజ్ఞనారాయణ గారి భార్య, రోజూ డబ్బా తీసి ముగ్గు వేస్తారు. ఆమెను అడిగి అరడబ్బా ముగ్గుపిండి తెచ్చాను. పొయ్యి బూడిద జల్లెడ పట్టి కలిపాను. పొద్దుగూకగానే గంప చుట్టూ మూరెడు వెడల్పున చల్లాను. పలచగా, సమంగా, ఎక్కడా ఖాళీ లేకుండా. గోడవార తట్ట చుట్టూ కూడా.

ఏ కాలు పెట్టినా అచ్చు పడుతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నాయిన నవ్వుతాడు. గుర్తు చూపించాకే మాట్లాడతాను.

జనవరి 24

తప్పంతా నాదే. నేను లేచేసరికి ఏడు దాటింది.

అమ్మ అయిదింటికే ట్యాంకర్‌కు పోతూ చూసిందట. గంప చుట్టూ తెల్లటి వలయం, లోపల తల లేని పెట్ట. కేక పెట్టి పడిపోయింది. నేను బయటికి వచ్చేసరికి గల్లీ మొత్తం మా వాకిట్లో ఉంది. నాయిన వేపకొమ్మతో పిండి అంతా ఊడ్చి మురుగు మోరీలో పోశాడు. ఒక్క అచ్చు మిగల్లేదు. ఎవరో పేడనీళ్ళు కూడా చల్లేశారు.

ఆ పిండి నేనే చల్లాననబోయాను. అప్పటికే మల్లయ్య పెద్దనాయన అందరి మధ్య నిలబడి, ఇగ అనుమానం ఏముంది, ముగ్గు గీసి పోయింది గదా అంటున్నాడు. నాయిన మొహం చూశాను. నా మీద కోపం లేదు. వారం రోజుల్లో మొదటిసారి నన్ను దొంగలా చూడలేదు. నోరు మూసుకున్నాను.

రాసుకుంటుంటే సిగ్గుగా ఉంది.

జనవరి 25, మధ్యాహ్నం

పెద్దనాయన దగ్గరికి పోయి చెప్పేశాను. పిండి నాదే, కాళ్ళ గుర్తుల కోసం చల్లాను అని.

ఆయన ఆశ్చర్యపోలేదు. అందుకే నాకు భయమేసింది. స్కూటర్ తుడుస్తూనే, చల్లితే చల్లినవు, ఇప్పుడు చెప్తే ఎవడు నమ్ముతడు బిడ్డా, పుంజును అమ్ముకున్నోని మాట అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఎన్ని దినాలు ఇసుక మోస్తవురా, ప్రొక్లెయిన్ నేర్చుకుంటవా, కాంట్రాక్టర్ మనోడే, హెల్పర్‌గ ఎక్కిస్త అన్నాడు. నేను రోజూ పని ఆపి ఆ తవ్వే బండి వైపు చూస్తుంటానని ఆయనకు ఎవరు చెప్పారు?

ఈశ్వరమ్మ ఇల్లు గల్లీ మొదట్లో ఉంది. అది పోతే లారీ వచ్చేంత రోడ్డు పడుతుంది, వెనకాల భూమి రేటు లేస్తుంది. ఇది గల్లీలో పిల్లలకు కూడా తెలుసు. ఆమె ఇల్లు అమ్మనంటోంది.

నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు.

జనవరి 26

సైట్‌కు సెలవు. కానీ దాని పక్క గుట్ట పేల్చడం ఆపలేదు. పన్నెండింటికి మూడుసార్లు పేలింది, మా రేకులు అదిరాయి.

దాని తర్వాతే చూశాను. మా గోడ వెనక గ్రానైట్ ముక్కల కుప్ప ఉంది. దాన్లోంచి ముంగిస తల బయటపెట్టి, నా మీద కోపం వచ్చినట్టు చూసి, మళ్ళీ దూరింది. దాని వెనక ఇంకొకటి. గుట్ట పోయాక వీటికి ఈ కుప్పే ఇల్లు.

రాళ్ళు తీశాను. చేతులు గీసుకుపోయాయి. లోపల నల్ల ఈకలు, ఒక కాలు. కాలికి అమ్మ కట్టిన ఎర్ర గుడ్డపేలిక అలాగే ఉంది. పక్కన గుడ్ల పెంకులు.

పరిగెత్తి అమ్మకు చూపించాను. ముంగిసనా, అది ఎదురొస్తే మంచి శకునం బిడ్డా, వారం సంది రోజు పొద్దుగాల నీళ్ళకు పోంగ నాకు అడ్డమొస్తుంది, మొక్కుకుంటున్న అంది. ఏ దిక్కు నుంచి వస్తుందో అడిగాను. మన గంప దిక్కు నుంచే అంది. అన్నాక పెట్ట కాలిని చేతిలోకి తీసుకుంది. తర్వాత, మరి పిండి ఎవరు చల్లిన్రు అంది.

అప్పుడైనా చెప్పొచ్చు. నాయిన లోపలికి వచ్చాడు. చెప్పలేదు.

జనవరి 27, మంగళవారం

నిర్ణయం అయిపోయింది. రేపు అమావాస్య, సాయంత్రం. పోచమ్మ గుడి ముందు ఈశ్వరమ్మతో నేరం ఒప్పిస్తారట. ఒప్పుకుంటే ఊరు విడిచిపోవాలి. ఒప్పుకోకపోతే పళ్ళు రాలగొడతారు. పళ్ళు లేకపోతే మంత్రం పారదట. నాయిన అన్నం తింటూ చెప్పాడు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

ఆమె ఇంటికి పోయాను. గడప మీద కూర్చొని ఏదో వేరు నూరుతోంది. ఇటు రావొద్దు బిడ్డా, నిన్ను గూడ గట్టేస్తరు అంది. ఊరికి పోవచ్చు కదా అన్నాను. పోతే నేనే చేసిననని ఒప్పుకున్నట్టే గదరా అంది. నీ బొడ్డు కోసిన చెయ్యి ఇది, నీ కోడి తల కోస్తదా అని నవ్వింది. నోట్లో రెండే పళ్ళున్నాయి. వీటి కోసం గంతమంది ఎందుకురా, కదులుతనే ఉన్నయి, అడిగితే నేనే పీకి ఇస్తుంటి అంది.

తర్వాత నవ్వు ఆపేసింది. నిమ్మకాయ లేదు, కుంకుమ లేదు, ఉత్త ముగ్గుపిండి, గదేం మంత్రమురా, గంత తెలివి తక్కువోడు ఎవడు అని అడిగింది. నా మొహం వైపే చూస్తూ అడిగింది. ఆమె చేతిలో రాయి ఆగింది. నేను లేచి వచ్చేశాను.

యజ్ఞనారాయణ గారిని అడిగాను, మీరు సాక్ష్యం చెప్తారా, పిండి మీ ఇంట్లోదే కదా అని. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మేం కిరాయికి ఉండేవాళ్ళమండి, రేపు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతామండి అన్నారు. భ్రమరాంబ గారు తలుపు వెనక నిలబడి ఉన్నారు.

పిల్లలతో కబురు వచ్చింది. పెద్దనాయన పంపాడు. ఎల్లుండి నుంచి ప్రొక్లెయిన్ మీదికి రమ్మని.

జనవరి 28, పొద్దున

నిద్ర లేదు. నాయినకు చెప్పాను. పిండి నాదని, ముంగిసలని, నల్ల పెట్ట కాలు చూపించి. ఆయన కాలిని చాలాసేపు చూశాడు. గుడ్డపేలిక విప్పి చూశాడు. నమ్మాడు. నమ్మాడని నాకు తెలుసు. అయినా, ఇప్పుడు చెప్తే మల్లయ్యన్న ముంగట నా ఇజ్జత్ ఏం కావాలె, నువ్వు ఇయ్యాల ఇంట్లనే ఉండు అన్నాడు. బయట గొళ్ళెం పెట్టి పోయాడు.

జనవరి 28, సాయంత్రం

పోచమ్మ గుడి దగ్గర డప్పు ఆగింది. ఈశ్వరమ్మ తలుపు కొడుతున్నారు, నాయిన గొంతు కూడా ఉంది. వెనక రేకు ఊడదీశాను, మనిషి దూరేంత సందు పడింది. నల్ల పెట్ట కాలు జేబులో పెట్టుకున్నాను. పోవాలి.