గడీ ముంగట మా బండి

ఆదివారం రాత్రి, నెల్లికుదురు.

పాత ఎడ్లబండిని అమ్మి కొత్తది కొందామని బాపుతోని ఎన్నిసార్లు కొట్లాడిన్నో. దొరకు వెట్టి కట్టెలు మోసీ మోసీ దాని ఇరుసు అరిగింది, చక్రాలు వదులైనయి. బాపు వినలే. బండ్లు చేసే వడ్లాయనతోని కొత్త ఇరుసు ఏయించిండు.

ఇయ్యాల ఆ బండి మీదనే మా జొన్నలు ఇంటికి తెచ్చినం. సంఘపోళ్లకు భయపడి దొర పట్నం పారిపోయిండు, ఆయనుండే గడీకి తాళం. అయినా గడీ ముంగటికి రాంగనే ఎడ్లు వాటంతటవే ఆగినయి. దొర గడీ ముంగట బండెక్కి పోవద్దని ఇన్నేండ్లు అక్కడ దిగి, చెప్పులిడిసి నడిచేటోళ్లం కదా. నేను సుత దిగి, చెప్పులు చేతుల వట్టుకున్న.

బాపు దిగలే. "ఎక్కు బిడ్డా. గీ బండి మీద కూసోని గిట్లకెల్లి పోవాల్ననే దీన్ని బాగు చేయించిన" అన్నడు.

దొర మళ్లొస్తే ఏమైతదో తెల్వదు. ఇయ్యాలైతే మా బాపు దిగలే.