నూట ఇరవై రోజుల అనుమతి

షార్జా, అక్టోబర్ 12

ప్రియమైన తుర్సునాయ్‌కి,

అక్క దీవెనలు. ఐజార్కిన్, పాప క్షేమం. నా కూతురు రెండో రోజే లేచి తిరిగింది. మనవరాలికి ఇవాళ పన్నెండు రోజులు. ఏడుపు మన అమ్మదే.

ఫోన్‌లో చెప్పే మాట కాదు కాబట్టి రాస్తున్నాను. ఫోన్ మోగితే ఆ ఊళ్లో అందరూ దాని చుట్టూ చేరతారు. నువ్వు ఊఁ కొట్టినా, ఎందుకు కొట్టావని అడుగుతారు. బిష్కెక్ వెళ్తున్న ఐజార్కిన్ స్నేహితురాలికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అక్కడి నుంచి మన అట్‌బాషీ టాక్సీవాళ్లు తెచ్చిస్తారు.

మాట ఇది. పాప నలభయ్యో రోజు స్నానం అయ్యాక నేను తిరిగి రావడం లేదు. చుట్టపుచూపు వీసా నవంబర్ 27 దాకా ఉంది. ఆలోపే ఇక్కడ పని వెతుక్కునే వీసాకు దరఖాస్తు పెడుతున్నాను. ఇస్తే నూట ఇరవై రోజులు ఉండి పని చూసుకోవచ్చు. చదువుకు డిప్లొమా కాగితం ఉండాలి, చేసిన పనికి రుజువు ఉండాలి. నాకు రెండూ ఉన్నాయి. పెళ్లికి ముందు ఉన్ని మిల్లులో రంగుల పని రెండేళ్లు. మన కంబళ్ల సంఘంలో పంతొమ్మిదేళ్లు. సంఘం వాళ్లు ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఇచ్చిన ధ్రువపత్రం నా దగ్గరే ఉంది.

ఎందుకని అడగవని తెలుసు. మీ బావ పోయి నాలుగేళ్లు. మొన్న వేసవిలో ఆయన అన్నగారు మీర్జాకే నిర్ణయం చెప్పేశారు. నా ఇల్లు ఆయన చిన్నకొడుకు పెళ్లికి. నాకు వాళ్ల పెరటి గది, తోడికోడలు బత్మా అక్క మోకాళ్లకు సేవ. నన్ను అడగలేదు. అప్పుడు నేను టీ పోస్తున్నాను. పోస్తూనే విన్నాను.

ఎవరికీ చెప్పకు.

ప్రతి నమాజులో నిన్ను తలుచుకునే
అక్క సాయ్‌రాకాన్


అట్‌బాషీ, అక్టోబర్ 22

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టేశాను. ముందు మూడుసార్లు చదివాను, కంగారుపడకు.

ఒక్కటి చెప్పు. పురుడు పోయడానికి వెళ్లే మనిషి డిప్లొమా ఎందుకు పట్టుకెళ్తుంది? సంఘం ధ్రువపత్రం ఎందుకు పట్టుకెళ్తుంది? నేను వేయించి కట్టిచ్చిన బొర్సోక్ రొట్టెముక్కల మూట కింద దాచావు కదూ. అంటే వేసవిలోనే అనుకున్నావు. నాతో ఒక్క మాట అనలేదు. నాకు కోపం వచ్చింది, అక్కా. రెండు రోజులు నీ పేరెత్తిన వాళ్లందరి మీదా కసురుకున్నాను.

యాభై నాలుగేళ్లకు ఉద్యోగం ఏమిటి? ఇక్కడ వాళ్లేమంటారో నాకు ఇప్పుడే వినిపిస్తోంది. ఎవరింట్లోనో గిన్నెలు తోముతోంది అంటారు. అదైనా నయం, అల్లుడి తిండి తింటూ కూర్చుంది అంటారు.

పైగా నీ మీర్జాకేని ఎదిరిస్తావా? ముప్ఫై ఒక్కేళ్లుగా ఆ మనిషి పేరు నోటితో అనలేదు నువ్వు. భర్త అన్నగారి పేరు కోడలు పలకకూడదని, పెళ్లయిన వారానికి ఆ మర్యాదపేరు పెట్టుకున్నావు. ఇంకా దాన్నే పట్టుకుని తిరుగుతున్నావు. ఆయన నాకు బావ కాదు కాబట్టి నేను హాయిగా అంటాను. తెమిర్‌కుల్. తెమిర్‌కుల్. ఇదుగో, ఇంటి కప్పు ఊడిపడలేదు.

ఇక్కడి సంగతులు. చలికాలం మాంసానికి గుర్రాన్ని కోసేది నవంబర్ ఆఖర్లోనట. మాంసం కూరే పేగులు కడగడానికి ఎవరున్నారని బత్మా అక్క అడిగితే, సాయ్‌రాకాన్ వచ్చేస్తుందిగా అన్నాడు తెమిర్‌కుల్. నీ ఇంటికి సున్నం వేయిస్తున్నారు. వచ్చేయ్, అక్కా. గోల లేకుండా వచ్చేయ్.

కోపంగా ఉన్న
తుర్సునాయ్


షార్జా, నవంబర్ 3

ప్రియమైన చెల్లికి,

నీ కోపం అందింది. బొర్సోక్ సంగతి నిజమే.

దరఖాస్తు వెనక్కి వచ్చింది. తప్పు నాదే. టైపింగ్ సెంటర్‌లో ఒక ఉజ్బెక్ అమ్మాయి ఫారం నింపిపెట్టింది. పనిచేసిన చోట అధ్యక్షుడు ఎవరమ్మా అని అడిగింది. మీర్జాకే అన్నాను. ఆ గడిలో అదే కొట్టింది. నాకు తప్పని తోచలేదు. మన ఊళ్లో ఆ మాట అంటే ఎవరైనా ఆయన గుమ్మం దాకా దింపి వస్తారు. ఇక్కడ మాత్రం ధ్రువపత్రం మీద ఒక పేరు, ఫారంలో ఇంకో పేరు. దొంగకాగితం అనుకున్నారు.

ఆఫీసుకు రమ్మన్నారు. ఐజార్కిన్ పాపను చంకనేసుకుని తోడొచ్చింది. గాజు అద్దం వెనక నల్ల బురఖాలో ఒకావిడ. మాట నెమ్మదిగానే ఉంది. ఈ మీర్జాకే ఎవరు, సంతకం పెట్టినాయన ఎవరు అని అడిగింది. ఇద్దరూ ఒకరేనని ఐజార్కిన్ చెప్పింది. మా కోడళ్లు పెద్దల పేర్లు పలకరని కూడా చెప్పింది. ఆవిడ తల ఊపింది. "అర్థమైంది. కానీ పేరు ఈవిడ నోటితో చెప్పాలి. దరఖాస్తు ఈవిడది" అంది.

వెనక వరసలో జనం. నా బదులు ఐజార్కిన్ చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. లోపల బిస్మిల్లా అనుకుని, "తెమిర్‌కుల్" అన్నాను. ఆవిడ రాసుకుంటూ మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. మూడోసారి ఆవిడ అడగకుండానే చెప్పాను.

ఇంటికి వచ్చి నమాజు చేసుకున్నాను. పాపం చేశానేమోనని మనసంతా వెతుక్కున్నాను. దొరకలేదు.

సంఘానికి ఫోన్ చేసి ఆయన్ని అడుగుతారట, నేను పనిచేశానో లేదో. అది ఒక్కటే మిగిలింది.

అక్క సాయ్‌రాకాన్


అట్‌బాషీ, నవంబర్ 11

ప్రియమైన అక్కకి,

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మంగళవారం సంఘంలో తొమ్మిదిమందిమి షిర్దాక్ కంబళికి అంచు కుడుతున్నాం. తెమిర్‌కుల్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఫోన్ మోగింది. విదేశీ నంబరని చూసి, మేమంతా వినాలని స్పీకర్ పెట్టాడు. ఒకావిడ రష్యన్‌లో అడిగింది, సాయ్‌రాకాన్ మీ దగ్గర పంతొమ్మిదేళ్లు పనిచేసిందా అని.

"పనేమిటి?" అన్నాడు. "ఆవిడ మా ఇంటి కోడలు. ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి కంబళి తొక్కేది. అది కూడా పనేనా?"

పెట్టేసి మా వైపు తిరిగాడు. పురుడు పోసి రమ్మంటే ఉద్యోగానికి ఎగబడుతోందట, ఇంకో రెండు వారాల్లో వచ్చి పేగులు కడగకపోతే అడగండి అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను, అక్కా. నాకు తెలియకుండానే నవ్వొచ్చేసింది. ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు.

నీ ఇంట్లోంచి నీ పెట్టెను పెరటి గదికి మార్చారు. పరుపులు కూడా. ఎదురు చెప్పడానికి నాకు ధైర్యం లేదు, నీకు తెలిసిందే. చిన్నప్పటి నుంచి నా తరఫున కూడా నువ్వే మాట్లాడేదానివి. వచ్చేయ్. గుట్టుగా బతుకుదాం. రోజూ సాయంత్రం నీ దగ్గరికి వస్తాను.

నీ పిరికి చెల్లెలు
తుర్సునాయ్


షార్జా, నవంబర్ 14

ప్రియమైన తుర్సునాయ్‌కి,

నలభై చెంచాల నీళ్లతో పాపకు స్నానం చేయించాను. ఏడవలేదు.

ఆఫీసు నుంచి కబురు వచ్చింది. నవంబర్ 25 లోపు సంఘం నుంచి సరైన ధ్రువీకరణ రాకపోతే దరఖాస్తు మూసేస్తారు.

నవ్వినందుకు బాధపడకు. ఆ గదిలో నేనూ పంతొమ్మిదేళ్లు నవ్వాను.

ఒక్క సంగతి రాస్తాను. ఆ ఉన్ని ఎవరు ఏరారు, ఎవరు వేడినీళ్లు పోసి మోకాళ్ల మీద కూర్చుని ఒత్తారు, మంజిష్ఠ వేరు ఎంతసేపు ఉడికితే ఎరుపు నిలుస్తుందో ఎవరికి తెలుసు? పదకొండుమంది ఆడవాళ్లకు తెలుసు. ఆయనకు తెలియదు. ఏటా నవంబర్‌లో అధ్యక్షుడి కోసం చేతులెత్తమంటారు. మనం కుట్టు మీద నుంచి తలెత్తకుండా చెయ్యి ఎత్తేస్తాం. సభ్యుల పుస్తకం నీ దగ్గరుంది. ముద్ర నీ దగ్గరుంది. ఆయన దగ్గర ఉన్నది కుర్చీ.

నేను నిన్నేమీ అడగడం లేదు. నువ్వు అక్కడ బతకాలి. ఏమీ చేయలేకపోయినా నా మనసులో నీ మీద ఏమీ ఉండదు. దేవుడు సాక్షి.

కానీ తిరుగు టిక్కెట్టు ఐజార్కిన్‌ను కొననివ్వలేదు. 27న పంపేస్తే బిష్కెక్‌లో దిగిపోతాను. అక్కడ నా రంగుల పని దొరకదు. గిన్నెలు తోముతాను. జీతానికి తోముతాను. పెరటి గదికి రాను. పేగులు వాళ్లే కడుక్కోవాలి.

అక్క సాయ్‌రాకాన్


అట్‌బాషీ, నవంబర్ 21

ప్రియమైన అక్కకి,

కొత్త ధ్రువపత్రం ఫోటో మొన్ననే ఐజార్కిన్‌కు పంపాను. అసలు కాగితం దీంతో ఉంది, నలగనివ్వకు. సంతకం ఎవరిదో చూడు.

ఆదివారం చేతులెత్తే సమావేశం. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్లాను. నిజం చెబుతున్నాను, ఏం చేయాలో అనుకుని వెళ్లలేదు. తెమిర్‌కుల్ ఎప్పటిలాగే, సరే కానివ్వండి, ఇంట్లో పనుంది అన్నాడు. అందరూ నా వైపు చూశారు, లెక్కపెట్టి రాసుకునేది నేనే కదా. నేను చెయ్యి ఎత్తలేదు. పుస్తకం కూడా తెరవలేదు. అంతే చేశాను. పక్కనున్నావిడ సగం ఎత్తిన చెయ్యి దించేసింది. మిగతావాళ్లు కుట్టు చూసుకుంటున్నారు.

"ఏమిటి, చలికి చేతులు బిగుసుకున్నాయా?" అన్నాడు.

అప్పుడు తలుపు తీసుకుని కర్ర ఊతంతో బత్మా అక్క వచ్చింది. రెండేళ్లుగా గడప దాటని మనిషి. ఆవిడా సభ్యురాలేనని నాకే గుర్తులేదు. కుర్చీ ఇవ్వబోతే వద్దంది. నిలబడే అడిగింది.

"సాయ్‌రాకాన్ చేసింది పని కాదన్నావట. నేను చేసిందీ అదే, వీళ్లు చేసిందీ అదే. ఇక్కడెవరూ పని చేయకపోతే, నువ్వు దేనికయ్యా అధ్యక్షుడివి?"

ఇంటికి పద, నీకు టీ పోసేవాళ్లు కూడా లేరు, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు.

"నా టీ నేను పోసుకోగలను. నాకు మోకాళ్లే నొప్పి, చేతులు కాదు" అంది. ఆ చేతుల్లో ఒకటి పైకెత్తి, "తుర్సునాయ్" అంది.

నాకు అర్థం కాలేదు. పిలుస్తోందేమో అనుకుని లేచాను. నన్ను అధ్యక్షురాలిగా అంటోందని పక్కవాళ్లు చెప్పాల్సి వచ్చింది. ఒక్కొక్కరే ఎత్తారు. తొమ్మిది చేతులు. నా చెయ్యి నేనే ఎత్తుకోవచ్చా అంటే ఎత్తుకోమన్నారు. పది. పదకొండోది షార్జాలో ఉందని రాశాను.

నిన్న మీ ఆఫీసావిడ ఫోన్ చేసింది. నేనే తీశాను. సభ్యుల పుస్తకం ముందు పెట్టుకుని చెప్పాను. పంతొమ్మిదేళ్లు, రంగుల విభాగం, మా అందరికీ నేర్పింది ఆవిడే అని. మీరెవరు అంది. అధ్యక్షురాలిని అన్నాను. చెల్లెలినని చెప్పలేదు, అడగలేదు కాబట్టి.

ఇంకొకటి. బత్మా అక్క నీ పెట్టెను తిరిగి నీ ఇంట్లో పెట్టించి తాళం తన దగ్గర ఉంచుకుంది. కొత్త జంటకు పెరటి గది వెచ్చగా ఉంటుందని కొడుకుతో చెప్పిందట. తెమిర్‌కుల్ నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఊరు ప్రశాంతంగా ఉంది.

రమ్మని నేను రాసినవి చించెయ్.

నీ చెల్లెలు
తుర్సునాయ్
(అధ్యక్షురాలు. ఒక్కసారి రాసి చూసుకుంటున్నాను.)


షార్జా, డిసెంబర్ 2

ప్రియమైన తుర్సునాయ్‌కి,

26న వీసా వచ్చింది. గడువుకు ఒక్క రోజు ముందు. నూట ఇరవై రోజులు. నమాజులో రెండు రకాతులు ఎక్కువ చదివాను. బత్మా అక్క పేరు మీద ఇంకో రెండు.

మర్నాటి నుంచే తిరిగాను. మొదటి దుకాణంలో వయసు అడిగారు. రెండో చోట, కూతురిని పంపండి అన్నారు. మూడోది నేమతుల్లా అనే ఆఫ్ఘన్ ఆయనది, పాత తివాచీలు బాగుచేసే చోటు. వయసు అడగలేదు. నిప్పు పడి కాలిన తివాచీ ఒకటి ముందు పరిచి, ఎన్ని రోజులు పడుతుంది అన్నాడు. వెనక్కి తిప్పి, ముడులు చూసి, నలభై అన్నాను. మా వాళ్లు పదిలో చేస్తామంటున్నారు అన్నాడు. అయితే వాళ్లకే ఇవ్వండి, ఏడాదిలో ఆ ఎరుపు వెలిసిపోతుంది, అప్పుడు నా దగ్గరికి తెండి అన్నాను. లేచి చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దగ్గరికి వచ్చి పిలిచాడు. తివాచీ నాకే ఇచ్చాడు. నెల చూసి ఉద్యోగ వీసా కాగితాలు పెడతానన్నాడు. నోటి మాట చాలదు, రాసివ్వండి అన్నాను. రాసిచ్చాడు.

నిన్న మధ్యాహ్నం నా బావగారు ఫోన్ చేశారు. నువ్వు నంబరు ఇవ్వలేదని తెలుసు, ఎలాగో సంపాదించారు. సలాం చెప్పాను. ఆరోగ్యం అడిగాను, పశువుల సంగతి అడిగాను. ఆయన పెద్దరికానికి నేను లోటు చేయలేదు. అన్నీ అయ్యాక, సరే, ఎప్పుడు వస్తున్నావు అన్నారు.

"ఇప్పుడు పనిలో ఉన్నానండీ. సాయంత్రం ఆరు దాటాక చేయండి" అని పెట్టేశాను.

ఆరు దాటాక చేయలేదు. నేనూ ఎదురుచూడలేదు.

అక్క సాయ్‌రాకాన్