నాన్నకు చేసిన చిన్నరసం

నూజివీడు

అమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు, అందుకే ఈ కార్డు. కార్తీకంలో నాన్నకిష్టమైన మామిడిపండు దొరకదు కదా! నేను బొమ్మలు చేసే పాలిమర్ క్లేతోనే ఒక చిన్నరసం పండు చేసి, ఒవెన్‌లో కాల్చి, తద్దినం నాడు నాన్న ఫొటో ముందు పెట్టాను. మర్నాడు అక్కడ లేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. వంటకి బియ్యం తీస్తుంటే డబ్బా అడుగున చేతికి తగిలింది. పచ్చికాయైతే నాన్న తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, బియ్యంలో మాగేసేవారు కదా, దీనికీ అక్కడే వేలి నొక్కు ఉంది. కాల్చిన క్లే రాయిలా ఉంటుందమ్మా, సొట్టపడదు. భయమేసి మళ్ళీ బియ్యంలోనే కప్పెట్టాను.

చెల్లి కాన్పయ్యేదాకా నువ్వు మైలవరం నుంచి కదలకు. ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టావు? చెల్లికి నా దీవెనలు. ఆ బియ్యం వండమంటావా, వద్దంటావా? ఇవాళ మూత తీస్తే ఇల్లంతా పండు వాసన.

కీర్తిప్రియ