చావింటి నమస్కారం

చిరంజీవి జున్‌హేకి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా తిండికీ నిద్రకీ లోటు లేకుండా ఉన్నాం. బాగా లేనిది నీ సినిమా ఒక్కటే.

ఊళ్ళో వాళ్ళు ఏమన్నారని అడిగావు. చెప్తాను, చెవులారా విను. మీ నాన్న దగ్గర సాము నేర్చిన వాళ్ళూ మేమూ అంతా బస్సు మాట్లాడుకుని సినిమాకి వెళ్ళాం. గ్వో బాబాయి దారంతా గాడిద మాంసం రొట్టెలు పంచాడు. తిరిగొచ్చేటప్పుడు మిగిలినవి ఎవరూ ముట్టలేదు.

"పట్టుబట్టల కొట్టు చూసినట్టుంది వదినా. ఆ దెబ్బలకి దోమైనా చస్తుందా?" అన్నాడు బాబాయి. నువ్వు వెదురు కొమ్మల మీద తేలుతుంటే, చిన్నప్పుడు మోకాళ్ళు వణికేదాకా మీ నాన్న నిన్ను నేల మీద నిలబెట్టింది ఇందుకేనా అని వాళ్ళావిడ పడీపడీ నవ్వింది. మంచు బాగుంది, గుర్రాలు బాగున్నాయి, ఎర్రాకులు బాగున్నాయి. సాము ఏదిరా? నాకూ ఒళ్ళు మండింది.

నాన్న ఏమన్నారని రెండుసార్లు రాశావు. మంచులో గురువు ముందు నిలబడి నమస్కరిస్తావే, అక్కడే ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. కుడి పిడికిలి మీద ఎడమ చెయ్యి మూయాలని నీకు ఐదో ఏటే నేర్పారు. తెర మీద నువ్వు ఎడమ పిడికిలి మీద కుడి చెయ్యి మూశావు. అది చావింట్లో పెట్టే నమస్కారం. బస్సులో ఎవరూ ఆయన మొహం వంక చూడలేదు. ఇంటికొచ్చాక ఒక్క మాట అన్నారు.

"బతికుండగానే నాకు కర్మ చేశాడు. సమాధుల పండగనాడు శిష్యులందరి ముందూ నా శిష్యుల పట్టీలోంచి వాడి పేరు కొట్టేస్తాను."

ఇంతవరకూ రాయకుండా ఆపుకున్న సంగతి ఇప్పుడు రాస్తున్నాను. మర్నాడు సంతకని చెప్పి నేనొక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. నిన్ను కరువుతీరా తిట్టుకుందామనే వెళ్ళాను. నాన్న కర్ర తగిలి చీరుకున్న నీ ఎడమ కనుబొమ్మ మీది మచ్చ సినిమా అంతా ఎడమవైపే ఉంది. ఆ మంచులో మాత్రం కుడివైపుకి వచ్చింది. కత్తి ఒర కూడా అటు మారింది. అద్దంలో చూసినట్టు బొమ్మనంతా తిప్పేశారు. మంచు అటునుంచి పడితే ఇంకా అందంగా ఉంటుందని కాబోలు. పాడు అందం.

చెప్తే ఆయన నమ్మలేదు. మొన్న చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. మంచు వచ్చేదాకా కళ్ళు మూసుకుని కూర్చుని, నేను మోచేత్తో పొడిస్తే తెరిచారు. చాలాసేపు చూసి, "అంత పెద్ద మచ్చ పడిందా వాడికి" అన్నారు. బయటికొచ్చాక సినిమాని మళ్ళీ మొదటినుంచీ తిట్టారు.

పేరు కొట్టేసే మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నిన్న సాయంత్రం పెరట్లో నువ్వు సాము చేసే చోటు ఊడుస్తున్నారు. ఎందుకని అడిగితే దుమ్ము పడిందన్నారు.

పండగకి రా. అందరి ముందూ ఆయనకెదురుగా నిలబడి సరిగ్గా నమస్కారం పెట్టు. మన పెరట్లో నిన్ను తిప్పేసేవాడు ఎవడూ లేడు.

ఇట్లు,
ఆ సినిమా మూడుసార్లు చూసి ఇంకా తిడుతున్న
మీ అమ్మ