పిల్లనడగడానికి వచ్చే పెద్దాయన

అత్లోన్,
ఐర్లండ్.

తాతయ్యగారికి,

అలేఖ్య నమస్కారాలు. ఇక్కడ నేను, నా ఉద్యోగం, ఆగని వాన, అందరం క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. ఈ మాత్రానికి ఉత్తరమెందుకు, ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారేమో. ఫోన్‌లో మీకు సగం వినబడదు, తక్కిన సగం మీరు వినరు.

మీరడిగినవాటికి జవాబులు. మందుల కంపెనీలో పని బాగానే ఉంది. ఇంటి లీజు ఇంకో ఏడాది పొడిగించారు. ఇక నేను చేసుకుంటానన్న అబ్బాయి పేరు రెమ్‌సాంగా. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. మగవాడు నర్సేమిటని నవ్వుతారు, నవ్వండి. అస్సాం వైపు వాడని అమ్మ మీతో చెప్పింది. అది అబద్ధం. అతను మిజో. వాళ్లది ఐజాల్, మీరు లుషాయి కొండలనే చోటు.

"ఆ కొండల పేరెత్తితేనే మావయ్యగారు అన్నం దగ్గర్నించి లేచిపోతారే. నువ్వూ అస్సామనే అను," అంది అమ్మ. నావల్ల కాలేదు.

ఆ కొండల గురించి మీరు అందరికీ చెప్పేవి రెండే మాటలు: చలి, కాళ్ల కింద మబ్బులు. తక్కినవి రెమ్‌సాంగా చెప్పాడు. వెదురు పూసి, ఎలుకలు పెరిగిపోయి, పంటంతా తినేశాయట. ఆ కరువులో తమను ఎవరూ పట్టించుకోలేదన్న కోపం ముదిరి 1966లో తిరుగుబాటైంది. ఐజాల్ మీద మన విమానాలే బాంబులు వేశాయి. మరుసటి ఏడు మన సైన్యం కొండల మీది ఊళ్లను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలింది. శాంతి ఒప్పందానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఇవన్నీ బళ్లో చదివిన గుర్తు నాకు లేదు.

పోయిన ఆదివారం వాళ్ల అమ్మమ్మ వీడియో కాల్‌లో మాట్లాడింది. రెమ్‌సాంగా మా మాటలు అటూ ఇటూ చెప్పాడు.

"మీ ఇంటికి పెద్ద ఎవరమ్మా?"

"మా తాతయ్యండి. మిలిటరీలో చేశారు."

"ఎక్కడ చేశాడు?"

పంజాబ్ అనబోయాను. అనలేకపోయాను. మీరు అక్కడే ఉన్నారని, ఒక ఊళ్లో వాళ్ల ఇళ్లకు వాళ్ల చేతే నిప్పు పెట్టించారని చెప్పేశాను. చిన్నప్పుడు నాకొక్కదానికే చెప్పి, ఎవరితోనూ అనవద్దన్న మాట అది. మీకు కోపం వస్తుందని తెలుసు. ఇది రాస్తుంటే భయంగానే ఉంది.

ఆవిడ, "మా ఇంటికి నిప్పు నేనే పెట్టాను. నెత్తిన బియ్యం పెట్టుకుని, తమ్ముణ్ణి నడిపించుకుంటూ పోయాను," అని ఫోన్ పెట్టేసింది. అది మీరున్న ఊరో కాదో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

బుధవారం మళ్లీ చేసింది. పిల్లనడగడానికి అబ్బాయి తరఫు పెద్దమనిషిని పంపడం వాళ్ల ఆచారం. ఆయన్ని పలై అంటారు. ఆ పనికి ఆవిడ తన తమ్ముణ్ణే ఎంచింది, ఆనాడు ఆవిడ చేయి పట్టుకుని నడిచిన పిల్లవాణ్ణే. ఉగాది వెళ్లాక ఆయన విజయవాడ వచ్చి, మీతోనే మాట్లాడతాడు.

మీరు కాదన్నా నేను రెమ్‌సాంగానే చేసుకుంటాను. ఔనంటే మాత్రం చాలా సంతోషిస్తాను. మీ మీద నాకు ప్రేమ తగ్గలేదు తాతయ్యా. ఆ రోజుల గురించి ఏమీ అడగనని వచ్చే పెద్దాయన తన అక్కకు మాటిచ్చాడట. కానీ మీరెవరో ఆయనకు తెలుసు. ఆ కొండలు ఎప్పుడూ చూడనట్టు మాత్రం ఆయన ఎదుట కూర్చోకండి.

ఇట్లు,
మీ మనవరాలు
అలేఖ్య