వెలిగే బల్బుకి వేరే లెక్క

జనవరి 9, 2017

ఇవాళ్టి నుంచి పార్వతి కరెంటు క్లాసుకి. తెలీబంధా పేటలో సామాజిక భవనం, సాయంత్రాలు, ఆడవాళ్లకి మాత్రమే. ఇంట్లో సామాను రిపేరు నేర్పుతారట. భన్‌పురి కొట్టులో మోటార్లకి తీగ చుట్టే నాలాంటి మొగుణ్ని ఇంట్లో పెట్టుకుని బయటికెళ్లి నేర్చుకుంటోంది — మిఠాయికొట్టువాడి పెళ్లాం పక్కింటికి పంచదారకెళ్లినట్టు. ఆ మాటే అన్నాను.

"మీరు నేర్పరు కదేటండీ. అడిగితే చేసీసి చేతిలో పెట్టెస్తారు."

అది కూడా తప్పేనా...

జనవరి 12

తివారీ సర్, కరెంటు క్లాసు చెప్పేవాడు. వంకాయ కూరలో ఉప్పు తక్కువైంది, ఆ పేరు ఎక్కువైంది. సర్ ఇలగన్నారు, సర్ అలగన్నారు. నలభై ఏళ్లు కూడా ఉండవట. పెళ్లయిందో లేదో అడుగుదామనుకున్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియక మజ్జిగ పోసుకున్నాను.

జనవరి 16

పొద్దున్నే బకెట్ దగ్గర చతికిలబడింది. నీళ్లు కాచే రాడ్, క్లాసు నుంచి తెచ్చిన మీటరు. తీగని కోయక్కర్లేదు, ఆ మీటరే నోరు తెరిచి ఒక తీగని పట్టుకుంటుంది, ఎంత కరెంటు పోతోందో చెబుతుంది.

"ఆరున్నర ఆంపియర్లు. వోల్టులు రెండొందల ముప్పై. గుణిస్తే వాట్లు — పదిహేనొందలకి అయిదు తక్కువ! వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్సు — ముప్పై అయిదు ఓములు, చిల్లర. చూసేరా!"

ముఖం ఎలా వెలిగిపోతోందో. ఆ వెలుగు నావల్ల ఎప్పుడైనా వచ్చిందా... చాలాసేపు వెతికాను.

"పదిహేనొందలని రాడ్ మీద రాసే ఉంది. లెక్కెందుకు?" అన్నాను.

ఆరిపోయింది.

జనవరి 17

అనకుండా ఉండాల్సింది. టీ గట్టు మీద పెట్టి, మీటరు సంచిలో దాచేసింది.

జనవరి 19

కొట్టులో అప్పారావు, పార్వతికి వరసకి తమ్ముడు. వైరు చుట్టడం కంటే నన్ను ఏడిపించడం ఇష్టం వాడికి. "ఏటి బావా, అక్క ఇంజినీరైపోతంది. బోర్డు మీద పేరు మార్పించీమంటావా?"

నవ్వాను. పళ్లు మాత్రమే.

మా ఊరి బడిలో ఏడు దాకా చదివాను. భాగహారం వచ్చు. దేన్ని దేంతో భాగించాలో చెప్పినవాడు లేడు. మోటారు మీద చెయ్యి వేస్తే దాని జ్వరం తెలుస్తుంది నాకు, వాసన చూస్తే వయసు తెలుస్తుంది. అదెవరికి చెప్పినా "సర్" అనరు.

జనవరి 22, ఆదివారం

దొరికాడు తివారీ!

గదిలో వంద వాట్ల బల్బు ఆర్పి వెంటనే ఊడదీశాను, వేళ్లు చుర్రుమన్నాయి. చల్లారాక నా పాత మీటరుతో కొలిచాను, కరెంటు లేకుండా, మా పద్ధతిలో. తీగ చుట్టేవాళ్లం ఏదైనా అలాగే కొలుస్తాం. నలభై ఓములు.

"మీ సర్ లెక్క కట్టు" అన్నాను పార్వతితో.

కట్టింది. రెండొందల ముప్పైని నలభైతో భాగిస్తే అయిదూ ముప్పావు ఆంపియర్లు. మళ్లీ రెండొందల ముప్పైతో గుణిస్తే పదమూడొందల పైమాటే వాట్లు. వంద వాట్ల బల్బు!

"దీని మీదే అన్నం వండెయ్. గ్యాసు మిగులుతుంది" అన్నాను.

రెండుసార్లు కట్టింది. అదే వచ్చింది. పెదవి కొరుక్కుంది. "సర్‌ని అడుగుతానుండండి."

అడుగు. తప్పకుండా అడుగు. మధ్యాహ్నం హాయిగా నిద్ర పట్టింది.

జనవరి 24

బల్బు చల్లగా ఉన్నప్పుడు కొలవకూడదట. లోపలి తీగ ఎర్రగా, తెల్లగా కాలుతుంటే దాని రెసిస్టెన్సు పదింతలు పైనే పెరుగుతుందట. వెలుగుతుండగానే కొలిచి చూపించాడట తివారీ — అర ఆంపియరు కూడా లేదు. లెక్క కడితే అయిదొందల పైన ఓములు. వాట్లు వందే.

మా రాగి తీగలకి ఇంత తేడా ఉండదు. ఆ నమ్మకంతోనే దెబ్బతిన్నాను.

పార్వతి ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. "'బహుత్ బఢియా సవాల్', ఎంత మంచి ప్రశ్నో అన్నారు సర్! అందరి చేతా చప్పట్లు కొట్టించీసేరు!"

"ఎవరి ప్రశ్నని చెప్పావు?"

"నాదేనన్నాను. మీరు తప్పు కొలిచేరని నలుగురిలో చెప్పమంటారేటి?"

పరువు కాపాడింది. సంతోషించాలి. కానీ ఆ చప్పట్లు... బల్బు ఊడదీసింది నేను. వేళ్లు కాల్చుకున్నది నేను.

జనవరి 25

బుద్ధిమంతుడు అసూయ పడడు. నేను ఏడు దాకానే చదివాను.

జనవరి 27

చట్నీ మధ్యలో మిక్సీ ఆగిపోయింది. ఇంట్లో ఏది ఆగినా "ఏటండీ" అని ఒక కేక వస్తుంది. చెయ్యి కడుక్కుని సిద్ధంగా కూర్చున్నాను.

కేక రాలేదు. వెళ్లి చూస్తే మిక్సీని బోర్లించి స్క్రూలు విప్పుతోంది.

"తే, చూస్తాను."

"వద్దు. మీరు చూసెస్తారు. నాను చూడాల."

గుమ్మంలో నిలబడ్డాను. అక్కడికే కాలిన తీగ వాసన వచ్చింది. ఏం పోయిందో తెలిసిపోయింది. నాలుక చివరి దాకా వచ్చింది — మింగాను. అలాంటిది మింగడం ఇదే మొదలు.

జనవరి 28

మీటరు తీగల మొనలు ఇక్కడ పెడుతుంది, అక్కడ పెడుతుంది, కాగితం మీద భాగిస్తుంది, కొట్టేస్తుంది. చట్నీ రోట్లో రుబ్బింది. సాయంత్రం క్లాసుకి తయారై, మిక్సీ పక్కన సంచి పెట్టుకుని నా వైపు చూసింది.

"సర్‌ని అడగమంటారా, మిమ్మల్ని అడగమంటారా?"

"సర్‌నే అడుగు" అన్నాను. ఎందుకన్నానో నా నోటినే అడగాలి.

ఖాళీ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మిక్సీని సర్ దగ్గరికి తీసుకెళ్లలేదు, ఇక్కడే ఉంది, బల్ల మీద, పొట్ట విప్పుకుని. నేను ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి వేస్తే చూసేస్తాను. ముట్టుకోలేదు. ఇంకా ముట్టుకోలేదు.