ఫోషాన్‌కు పోయిన టైల్స్ మేస్త్రి

17 జనవరి 1991, అల్ ఖోబర్
సైరన్. పని బంద్. గ్యాస్ మాస్కులు పెట్టుకొని కూసున్నం. ఒకరినొకరం గుర్తువట్టలే.

4 మార్చి 1991
ఇరాక్ లడాయి అయిపోయింది. అజీజియా బస్తీల మల్ల బిల్డింగులు లేస్తున్నయి. పొద్దుగాల ఆరింటి నుంచి టైల్స్ వేసుడే. మోకాళ్లు గుంజుతున్నయి గని మనసు మంచిగుంది.

2 అక్టోబర్ 1995
నన్ను పనికి పెట్టుకున్న సౌదీ సేటు, నా కఫీల్ అబూ ఫహద్ పిలిచి, చైనాకు పోదాం అన్నడు. పరాష్కం అనుకున్న. ఇటలీ టైల్స్ ఇప్పుడు ఎవలు కొంటలేరట, కాంట్రాక్టర్లందరు చైనా మాలే అడుగుతున్నరట. అంత అగ్గువకు ఎట్ల చేస్తరో కండ్లార చూస్తడట. ఇంజనీర్లుండంగ నేనెందుకు అని అడిగిన. వాళ్లు కాగితం చూస్తరు, నువ్వు టైల్ చూస్తవ్ అన్నడు. నా మాట మీదనే ఆర్డర్ ఇస్తడట. మాట తప్పయితే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతడట. నవ్వుకుంటనే చెప్పిండు గని కండ్లు నవ్వలే.
రూంమేట్ హన్మాండ్లు తన కొత్త షర్ట్ ఇచ్చిండు. చేతులు పొడుగున్నయి. మడతపెట్టుకున్న.

9 అక్టోబర్, షెన్‌జెన్
హాంగ్‌కాంగ్ నుంచి రైల్ల వచ్చినం. ఎటు చూసినా క్రేన్లే. పదిహేనేండ్ల కింద ఇక్కడ పొలాలు, చాపలు పట్టేటోళ్ల గుడిసెలు ఉండెనట. మా తర్జుమా మనిషి యూసుఫ్ అరబ్బీల చెప్పిండు. ఇక్కడి ముసల్మానే. ఆడోళ్లు సైకిళ్ల మీద గుంపులు గుంపులు డ్యూటీకి పోతున్నరు. అబూ ఫహద్ కారు ఆపిచ్చి చూసిండు. చివరి సైకిల్ పోయేదాంక కారు కదలనియ్యలే.

10 అక్టోబర్, గ్వాంగ్‌జౌ
మూడు పూటల అన్నం, చాపలు. కారం ఒక్కటే లేదు.

12 అక్టోబర్, ఫోషాన్
టైల్స్ ఫ్యాక్టరీ మా ఊరు జగిత్యాలల సగమంత ఉంది. ఓనర్ ఫస్ట్ క్వాలిటీ అని నలభై టైల్స్ ముందల పెట్టిండు. వేలి కణుపుతోని కొట్టి చూసిన. కొన్ని ఖంగుమన్నయి, ఐదు మూగగ ఉన్నయి. లోపల పగిలినయి అన్న. కూలోనికి ఏం తెలుసన్నడట ఓనర్. యూసుఫ్ మెల్లగ చెప్పిండు. అబూ ఫహద్ నా దిక్కే చూస్తున్నడు.
ఇక్కడ మాల్ ఏరేటోళ్లను పిలువుమన్నడు అబూ ఫహద్. ముప్పై ఏండ్లామె వచ్చింది. పేరు ఆమెయ్. మొఖం నిండ తెల్లదుమ్ము. ఓనర్ పక్కనే నిలవడ్డడు. ఆమె నౌకరి ఆయన చేతులనే ఉంది. ఆమె గొంతుక్కూసొని, టైల్ చెవి దగ్గర పెట్టుకొని, ఒక్కొక్కటే కొట్టింది. అచ్చం నాలెక్కనే. నేను ఐదు అన్న. ఆమె ఆరు తీసి పక్కన పెట్టింది.
“ఇవి పనికిరావు,” అన్నది, ఓనర్ మొఖం చూడకుంటనే.
నీళ్లల్ల ముంచి తుడిచినం. ఆరింటికీ వెంట్రుకంత గీత తేలింది.
“మా కంటైనర్లన్ని ఈమెనే ఏరాలె, రాసియ్యి. లేకుంటే ఆర్డర్ లేదు,” అన్నడు అబూ ఫహద్.
ఓనర్ ఆ ఆరు టైల్స్ దిక్కు చూసిండు. మల్ల నవ్విండు. రాసిచ్చిండు, ఆమెను లైన్‌కు పెద్దను చేస్తనన్నడు.
చాయ్ తాగంగ మాట్లాడినం. ఆమె ఊరు రైల్ల రెండు రోజులట. ఈ ఊర్ల ఉండనీకె పర్మిట్ కార్డు చూపిచ్చింది. సొంత దేశంల ఇఖామా! సౌదీల ఉండనీకె నాకిచ్చిన ఇఖామా కార్డు గూడ తీసి పక్కన పెట్టిన. రెండు ఫోటోలల్ల దొంగల లెక్కనే ఉన్నం. ఆమె నవ్వు మొదలుపెట్టింది, నాకూ ఆగలే. యూసుఫ్‌కు తర్జుమా చేసే పనే పడలే.

21 అక్టోబర్, అల్ ఖోబర్
ధహ్రాన్ ఎయిర్‌పోర్టుల దిగినం. బయటికొచ్చినంక పాస్‌పోర్ట్ ఇయ్యవోయిన. అబూ ఫహద్ చెయ్యి చాపలే, నీ దగ్గర్నే ఉండనీ అన్నడు. తొమ్మిదేండ్ల సంది అది ఆయన బీరువలనే ఉండె.
రూంల ఎనిమిది మందిమి, తక్కిన ఏడుగురి పాస్‌పోర్టులు కఫీల్ల దగ్గర్నే. నా పాస్‌పోర్ట్ ఒకరి చేతుల నుంచి ఒకరి చేతులకు పోతుంది. ఇంకా తిరిగి నా దగ్గరికి రాలే.